ఊబకాయం డబ్బున్నవారి పిల్లలకే వస్తుందా?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. నేను ఆటో నడుపుతూ వాడిని ప్రైవేటు బడిలో చదివిస్తున్నాను. ఊబకాయం డబ్బున్నవాళ్ల పిల్లలకే వస్తుందని, వయసు వస్తే ఒళ్లు అదే తీస్తుందని మా అమ్మ అంటోంది. నిజమేనా డాక్టరు గారూ?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ అమ్మగారి మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. మన దేశంలో ఇప్పటికీ కలిగిన కుటుంబాల పిల్లల్లోనే ఊబకాయం ఎక్కువ. ఇంగ్లండులో మాత్రం ఇది తలకిందులై, ప్రాథమిక విద్య ముగించే పిల్లల్లో ఊబకాయం సంపన్న ప్రాంతాలకన్నా పేద ప్రాంతాల్లో రెండింతలకు పైగా కనిపిస్తోంది. మన పట్టణాల్లోనూ ఆ ఛాయలు మొదలయ్యాయని నా అభిప్రాయం.

మీ బాబు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే కొలత) 25 దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం పదేళ్ల మగపిల్లల్లో అది సుమారు 21.4 దాటితే ఊబకాయమే కనుక, దీన్ని ఎదిగే వయసు బొద్దుతనమని వదిలేయకండి. ఎత్తు వయసుకు తగ్గట్టే ఉంది కాబట్టి హార్మోన్ల లోపం ఉండే అవకాశం తక్కువ.

చేతిలో డబ్బు తక్కువైనప్పుడు చవకగా కడుపు నింపేవి అన్నం, నూనె సరుకులు, పది రూపాయల చిప్స్ పొట్లాలే. వీటికి తోడు ఆటస్థలం లేని బడి, సాయంత్రం ట్యూషను, ఆపైన ఫోను కలిస్తే తిన్నది ఖర్చయ్యే దారే ఉండదు. ఇందులో పిల్లవాడి తప్పేమీ లేదు, అందరి ముందు వాడిని లావని ఎగతాళి చేయనివ్వకండి.

పస్తులు పెట్టవద్దు, ఒళ్లు తగ్గిస్తాయనే డబ్బా పొడులకు డబ్బు తగలేయవద్దు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది కనుక ముందు దాన్ని మాన్పించి మజ్జిగ ఇవ్వండి. చిప్స్‌కు ఇచ్చే డబ్బుతో గుడ్డో, ఉడికించిన శనగలో పెట్టండి. అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర పెంచండి. ఈ మార్పు వాడి ఒక్కడి కంచంలోనే కాక ఇంటిల్లిపాదికీ జరగాలి. రోజుకు గంటసేపు చెమట పట్టేలా ఆడాలి, అందుకోసం ట్యూషను కొంత తగ్గినా ఫరవాలేదు. బరువు ఇంతకు మించి పెరగకుండా చూస్తే, ఎత్తు పెరిగేకొద్దీ బీఎంఐ దానంతటదే దిగుతుంది.

మెడ వెనుక చర్మం నల్లగా మందంగా మారినా, నిద్రలో గట్టిగా గురక పెడుతున్నా, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉన్నా ఆలస్యం చేయవద్దు. అవేమీ లేకపోయినా ఒకసారి ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగంలో చూపించి, రక్తపోటు, పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు చేయించండి.