ట్రయల్ గడువు, లైసెన్సు కీ: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మందుల హోల్‌సేల్ వ్యాపారుల కోసం నువ్వు రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా వాడి చూసే ట్రయల్ ఎన్నాళ్లు ఇవ్వాలో, కొన్నవారే వాడేలా చూసే లైసెన్సు కీ ఎలా పెట్టాలో అడిగావు. పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

పదిహేను రోజులు చాలనుకుంటున్నావు, చాలవు. వ్యాపారికి నమ్మకం కుదిరేది బిల్లు అందంగా వచ్చిన రోజున కాదు, నెల తిరిగాక జీఎస్టీ లెక్క సరిపోయిన రోజున. నెలనెలా రిటర్నులు వేసేవారు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11లోపు, పన్ను లెక్క తేల్చే 3బీని 20లోపు వేయాలి కాబట్టి, ఒక నెల అమ్మకాలూ ఆ రెండు తేదీలూ కలిసివచ్చేలా 60 రోజులు ఇవ్వు. ఆ గడువును ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి కాక మొదటి బిల్లు కొట్టిన రోజు నుంచి లెక్కపెట్టు, ఎందుకంటే సరుకుల పేర్లు, పాత నిల్వలు ఎక్కించడానికే వారం పడుతుంది. రేపు ఇతర వ్యాపారాలకు అమ్మినా సీజను చూసుకో. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే ముందు కమీషన్ వ్యాపారికి నెల రోజుల ట్రయల్ ఇస్తే, అతను ఒక్క తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీ) అయినా రాసి చూడకుండానే అది అయిపోతుంది.

ఇక కీ. అంకెల సూత్రంతో కీలు తయారుచేయకు. విండోస్ 95 సీడీ కీలో చివరి ఏడంకెల మొత్తం ఏడుతో భాగింపబడితే దాదాపు చాలు గనుక 111-1111111 అని కొట్టినా తీసుకునేది. సరిచూసే సూత్రం ప్రోగ్రాంలోనే ఉంటే, దాన్ని విప్పి చదివినవాడు కీలు తానే పుట్టిస్తాడు. ఈడీ25519 లాంటి డిజిటల్ సంతకం వాడు: సంతకం పెట్టే ప్రైవేటు కీ నీ దగ్గరే ఉంటుంది, దాన్ని సరిచూసే పబ్లిక్ కీ మాత్రమే ప్రోగ్రాంలో ఉంటుంది. ఆ ప్రైవేటు కీని సోర్సు కోడుతో కలిపి ఎక్కడా అప్‌లోడ్ చేయకు. సంతకమే 64 బైట్లు కనుక ఫోనులో చదివి చెప్పడం కుదరదు; లైసెన్సును ఫైలుగా వాట్సాప్‌లో పంపు. నోటితో చెప్పవలసిన చిన్న కోడు ఏదైనా ఉంటే, అందులో ఒకదానికొకటి పొరబడే ఇంగ్లీషు O అక్షరం, సున్నా, I అక్షరం, ఒకటి అంకె లేకుండా చూడు.

లైసెన్సులో దుకాణం పేరు, జీఎస్టీ నంబరు పెట్టి, ప్రతి బిల్లు మీదా అక్కడి నుంచే అచ్చయ్యేలా చేయి. పక్క దుకాణంవాడు కాపీ కొట్టుకున్నా, ఎదుటివాడి పేరుతో బిల్లు ఇవ్వలేడు. నా అనుభవంలో ఇంతకన్నా గట్టి తాళం లేదు.

లైసెన్సును ఒకే కంప్యూటరుకు ముడిపెట్టడంలో మాత్రం నేను తప్పు చేశాను. తెనాలిలో ఒక మందుల ఏజెన్సీలో పిడుగుపాటుకు మదర్‌బోర్డు కాలిపోతే, శనివారం రాత్రి కొత్తది వేయించారు. నా ప్రోగ్రాం దాన్ని వేరే కంప్యూటరు అనుకుని కొత్త కీ అడిగింది. నేను సిగ్నల్ లేని ఊళ్లో పెళ్లిలో ఉన్నాను. సోమవారం వెళ్లేసరికి ఆ పెద్దాయన కార్బన్ పేపరు పెట్టి చేత్తో బిల్లులు రాస్తున్నారు, వేళ్లన్నీ నీలంగా ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది. అందుకే హార్డ్ డిస్కు, మదర్‌బోర్డు, నెట్‌వర్క్ కార్డు నంబర్లలో రెండు కలిస్తే చాలనుకో, ఏవీ కలవకపోయినా పది రోజులు పని ఆపకుండా కేవలం హెచ్చరించు.

తేదీ వెనక్కి తిప్పుతారన్న భయం సహజమే. చివరి బిల్లు తేదీతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. అయితే వెంటనే దొంగతనం అనుకోకు. పాత కంప్యూటర్లలో బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినా తేదీ వెనక్కే పోతుంది. తేదీ సరిచేయమని అడిగితే చాలు.

గడువు తీరాక కొత్త బిల్లులు ఆపు, అంతే. పాత బిల్లులు చూడటం, ప్రింటు తీయడం, ఎక్సెల్‌లోకి దింపుకోవడం ఎప్పటికీ ఆగకూడదు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టమే చెబుతోంది, ఆ లెక్కలు అతనివి, నీవి కావు. గడువు 9 నుంచి 20వ తేదీ మధ్య తీరితే 21 దాకా దానంతటదే పెరిగేలా రాయి. మార్చి నెలాఖరుకూ అంతే.

గడువు తీరినప్పుడు తెర మీద కనిపించే వాక్యాన్ని తెలుగులో రాసి, అమ్మకం మొదలుపెట్టకముందే నాకు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య