బీటిల్స్ సరే, ఈ కింక్స్ ఎవరండీ?

ప్రశ్న: బీటిల్స్ కాలంలోనే కింక్స్ అనే గొప్ప బ్యాండ్ ఉండేదని మా మావయ్య అంటుంటాడు. అంత గొప్పవాళ్లయితే అమెరికాలో ఎందుకు వెనకబడ్డారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ మావయ్య చెప్పింది నిజమేనండీ. ఉత్తర లండన్ అన్నదమ్ములు రే డేవిస్, డేవ్ డేవిస్‌ల బ్యాండ్ అది. పాటలు దాదాపు అన్నీ అన్న రేవే. 1964లో 'యూ రియల్లీ గాట్ మీ' బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అందులో గిటార్‌కి ఆ గరగర శబ్దం రావడానికి తమ్ముడు స్పీకర్‌ని బ్లేడుతో కోసేశాడు (మన ఇళ్లలో అయితే వీపు విమానం మోతే!).

1965 అమెరికా టూర్‌లో గొడవలు జరిగాయి, అక్కడి సంగీతకారుల యూనియన్ పర్మిట్లు ఆపేసింది, దాంతో 1969 దాకా అక్కడ ఒక్క కచేరీ లేదు. సరిగ్గా సంపాదించుకునే వయసులో! కానీ నన్నడిగితే ఆ దెబ్బే మేలు చేసింది, ఎందుకంటే రే అమెరికా గోల వదిలేసి తన ఊరి మనుషుల గురించి రాయడం మొదలుపెట్టాడు, 1967లో వచ్చిన 'వాటర్లూ సన్‌సెట్' వింటే మీకే తెలుస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన 'విలేజ్ గ్రీన్' ఆల్బమ్‌ని మాత్రం అప్పుడు ఎవరూ కొనలేదు, ఇప్పుడేమో నెత్తిన పెట్టుకుంటున్నారు.

'లోలా' సంగతి ఇంకా తమాషా. పాటలో కోకా కోలా పేరుంటే బీబీసీ వేయదని, 1970లో ఆ ఒక్క మాటని చెర్రీ కోలాగా మార్చి పాడటానికి రే అమెరికా నుంచి లండన్‌కి విమానంలో వచ్చాడు.

అన్నట్టు, 1965 నాటి 'సీ మై ఫ్రెండ్స్' పాటకి ప్రేరణ బొంబాయిలో తెల్లవారుజామున విన్న జాలర్ల పాట. మావయ్యకి ఇది తెలుసేమో అడగండి.