ఫండ్లు కొన్నాయి, నేనూ కొననా?

ప్రశ్న: అయ్యా, నేను కొంతకాలంగా గమనిస్తున్న ఒక చిన్న కంపెనీలో సంస్థల (మ్యూచువల్ ఫండ్ల లాంటి పెద్ద మదుపుదారుల) వాటా ఏడాదిలో 3 శాతం నుంచి 11 శాతానికి పెరిగింది. పెద్దవాళ్లు ఊరికే కొనరు కదా, నేనూ కొననా? మా అన్నయ్యేమో ‘ఫండ్లు దూరాక ఇంకేం మిగులుతుంది, వాళ్లు ముట్టనివి కొనాలి’ అంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, మీ అన్నయ్య మాటను తీసిపారేయడానికి లేదు. అమెరికాలో మాజెలాన్ అనే ఫండ్‌ను 1977 నుంచి 1990 దాకా నడిపిన పీటర్ లించ్ కూడా, 1989లో వచ్చిన తన పుస్తకంలో, సంస్థల చేతిలో లేకపోవడాన్ని మంచి షేరు లక్షణాల్లో ఒకటిగా చెప్పాడు. మీ వైపూ ఒకాయన ఉన్నాడు. అమెరికా మదుపరి విలియం ఓనీల్, షేర్లు ఎంచుకోవడానికి ఒక్కో అక్షరానికి ఒక్కో లక్షణం పెట్టిన తన ‘క్యాన్ స్లిమ్’ (CAN SLIM) పద్ధతిలో ‘ఐ’ అక్షరాన్ని సంస్థలకే (ఇన్‌స్టిట్యూషన్స్) ఇచ్చాడు. మంచి పేరున్న ఫండ్లు కొన్నయినా కొంటూ ఉండాలన్నాడు, మరీ అందరూ ఎక్కేసిన షేరుతో జాగ్రత్త అనీ అన్నాడు.

ముందు మీ అన్నయ్య సంగతి. ఫండ్లు ముట్టకపోవడానికి చాలాసార్లు కారణం లెక్క. అమెరికాలో 1940 నాటి చట్టం ప్రకారం డైవర్సిఫైడ్ ఫండ్ (డబ్బును చాలా కంపెనీల్లో పంచి పెట్టేది) తన ఆస్తుల్లో ముప్పాతిక భాగం వరకూ, ఏ ఒక్క కంపెనీ ఓటింగ్ షేర్లలోనూ 10 శాతం దాటకూడదు. ఇప్పుడు ఫండ్ సైజు ఆ కంపెనీ మొత్తం విలువకు వంద రెట్లు ఉందనుకోండి. పూర్తి 10 శాతం కొన్నా అది ఫండ్‌లో వెయ్యోవంతే. షేరు రెట్టింపైతే ఫండ్‌కు వచ్చేది 0.1 శాతం. దానికోసం బ్యాలెన్స్ షీట్లు తిరగేసే ఓపిక ఎవరికుంటుంది? అలా వదిలేసిన చోట మనలాంటి వాళ్లకు చోటు దొరకొచ్చు. 1983లో ఆర్బెల్, కార్వెల్, స్ట్రెబెల్ అనే ముగ్గురు దీనిపై ఒక వ్యాసం రాశారు. 1971 నుంచి 1980 దాకా 510 కంపెనీలను చూస్తే, సంస్థలు పట్టించుకోనివే ఎక్కువ రాబడి ఇచ్చాయని తేల్చారు. కాకపోతే అది బోలెడు కంపెనీల సగటు, మీ అన్నయ్య కొనేది ఒకటో రెండో. పైగా కొన్నిటిని సంస్థలు చూడక వదలలేదు, చూసే వదిలేశాయి. ఆడిటర్లు తరచూ మారడం, ప్రమోటర్ల (కంపెనీని పెట్టి నడిపేవాళ్ల) సొంత కంపెనీలకు అప్పులు పోవడం లాంటివి కనబడితే వాళ్లు చప్పుడు చేయకుండా తప్పుకుంటారు.

ఇక మీ 11 శాతం. నేను పదిహేడేళ్లు ఒక ఫండ్ సంస్థ డీలింగ్ గదిలో పనిచేశాను. ఏది కొనాలో తేల్చేది నేను కాదు, కొనిపెట్టడం, అమ్మిపెట్టడం నా పని. ఒకసారి మా ఫండ్‌లోంచి జనం డబ్బు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. ఒక చిన్న కంపెనీలో మాకున్న 4 శాతం వాటా అమ్మేయమని మేనేజర్ చెప్పాడు. ఆ షేర్లలో రోజూ చేతులు మారేది 0.05 శాతం. అందులో ఐదోవంతు మేమే అమ్మినా రోజుకు 0.01 శాతం, అంటే 400 ట్రేడింగ్ రోజులు! ఏడాదిన్నర దాటుతుంది. అంత గడువు ఎవరిస్తారు? వారాల తరబడి కొద్దికొద్దిగా వదిలాం, ధర జారుతూనే ఉంది. చివరికి మిగిలినదంతా ఒకరు గుత్తగా తీసుకుంటామంటే బాగా తగ్గించి ఇచ్చేశాం. ఆ కంపెనీకి ఆ నెలల్లో ఏ కష్టమూ రాలేదు, ఆర్డర్లు నిండుగానే ఉన్నాయి. చార్టు చూసినవాళ్లు మాత్రం కొంప మునిగిందనే అనుకుని ఉంటారు. వాళ్లలో ఎంతమంది నష్టానికి అమ్ముకున్నారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నేను శాతం కంటే ముందు రోజులు లెక్కేస్తాను. మీరూ వేయండి: పెద్ద ఫండ్ వాటాను రోజువారీ లావాదేవీల్లో ఐదోవంతుతో భాగించండి. ఆ తర్వాత ఆ 11 శాతం ఎవరిదో చూడండి. ఒక్క ఫండ్‌దే అయితే నాకు భయమే. నాలుగైదు ఫండ్లు వేర్వేరు నెలల్లో, వేర్వేరు ధరల్లో కొనివుంటే కొంత నయం. కొన్నది ఇండెక్స్ ఫండ్ (ఒక షేర్ల సూచీలో ఉన్నవాటినే కొనే ఫండ్) అయితే దాన్ని మెచ్చుకోలు అనుకోకండి, సూచీలో కంపెనీ చేరింది కాబట్టి కొన్నారు, తీసేస్తే అమ్ముతారు. ప్రమోటర్ల దగ్గర ఎంతుందో కూడా చూడాలి. వాళ్లకు 70 శాతం ఉంటే బయట తిరిగేది 30, అందులో 11 అంటే మూడోవంతు దాటినట్టే.

ఇవన్నీ చూశాక కూడా లాభం, అప్పు, చేతికొచ్చే నగదు మీకు నచ్చితేనే కొనండి. ఫండ్ పేరు చూసి కొంటే, ఆ ఫండ్ అమ్మిన రోజు ఏం చేయాలో మీకు తోచదు.

ప్రశ్న: పేరున్న ఫండ్ మేనేజర్ కొన్నట్టు ప్రకటన రాగానే అదే షేరు కొంటే సరిపోదా?

జవాబు: ‘రాగానే’ దగ్గరే చిక్కుంది. అమెరికాలో పెద్ద మేనేజర్లు తమ దగ్గరున్న షేర్ల జాబితా చెప్పే ‘13ఎఫ్’ పత్రం ఇవ్వడానికి త్రైమాసికం ముగిశాక 45 రోజుల గడువుంది. త్రైమాసికం మొదట్లో కొన్నది మీకు తెలిసేసరికి నాలుగున్నర నెలలు కావచ్చు. ఈలోగా ఆయన అమ్మేసి ఉంటే ఆ సంగతి తర్వాతి పత్రంలోగాని బయటపడదు.