మీరడిగిండ్రు: పారాడే పిల్లలున్న ఇంటికి కార్పెట్ క్లీనర్ ఏది మంచిది?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది మిర్యాలగూడ. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి నాలుగేండ్లు, చిన్నోడికి తొమ్మిది నెలలు, ఇప్పుడిప్పుడే పారాడుతున్నడు. బండలు సల్లగ తగుల్తున్నయని పోయిన చలికాలం హాల్ల పెద్ద కార్పెట్ వేసినం, ఇగ దాని మీదనే పాలు ఒలుకుడు, పప్పన్నం పడుడు, ఉచ్చ పోసుడు అన్నీ అయితున్నయి. పొరకతోని ఊడ్చినా తడిబట్టతోని తుడిచినా వాసన పోతలేదు. మా ఆయన స్టీమ్ క్లీనర్ ఆర్డర్ పెడదామంటున్నడు, అమెరికాల ఉండే మా తమ్ముడు దసరాకు వచ్చేటప్పుడు బిస్సెల్ కంపెనీ కార్పెట్ కడిగే మిషన్ తెస్తనంటున్నడు, అత్తమ్మేమో ఇవేం వద్దు, డాంబర్ గోళీలేసి చుట్టి పైన పెట్టుమంటున్నది. బడ్జెట్ పదివేల లోపల. చిన్నోడికి ముక్కు కారుడు కూడ తగ్గుతలేదు. ఏం చెయ్యాల్నో చెప్పక్కా.
ఓ చెల్లె, మిర్యాలగూడ

జవాబు: చెల్లే, ముందే చెప్పేస్త. నీ ఇంటికి వెట్ అండ్ డ్రై వాక్యూమ్ క్లీనర్ చాలు. స్టీమ్ మిషన్ వద్దు, తమ్ముడిని అంత దూరం నుంచి మోసుకు రమ్మనొద్దు, డాంబర్ గోళీలు ఇంట్ల ఉంటే ఈ రోజే తీసెయ్యి.

గోళీల సంగతే ముందు మాట్లాడుకుందాం, ఇది పిల్లల పానం సంగతి కాబట్టి. డాంబర్ గోళీలంటే నాఫ్తలిన్. చూస్తె పిప్పరమెంట్ లెక్కనే ఉంటయి, పారాడే పిల్లగాడు దొరికిందల్లా నోట్ల పెట్టుకుంటడు. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువుంటది, అసొంటి పిల్లలకు నాఫ్తలిన్ తగిలితే రక్తంల ఎర్రకణాలు పగిలిపోయి కామెర్లొస్తయి, రక్తం తగ్గిపోతది, పసిపిల్లలకైతే మింగకపోయినా ఆ గోళీలల్ల దాచిన బట్టలు కప్పినందుకే ఇట్ల అయిన కేసులున్నయి. అత్తమ్మకు నిమ్మళంగ చెప్పు, ఆమె పురుగు పట్టొద్దనే అంటున్నది. ఎప్పుడన్న దాచిపెట్టాలంటే కార్పెట్‌ను బాగ ఎండబెట్టి, దులిపి, పాత కాటన్ చీరల చుట్టి పెట్టు, సరిపోతది.

ఇగ మిషన్. సబ్బునీళ్లు ఎవరన్న కొడతరు, కొట్టిన నీళ్లను మళ్ల ఎంత బయటికి గుంజినమన్నదే కార్పెట్ కడుగుట్ల అసలు పని. నువ్వు తడిబట్టతోని తుడిచినప్పుడు పైన మరక పోయినట్టు కనిపిస్తది గాని ఉచ్చ, పాలు ఇంకా లోపలికి, అడుగున ఉన్న గట్టి పొరలకు దిగుతయి, అందుకే గాలిల తేమ ఎక్కినప్పుడల్లా వాసన మళ్ల లేస్తది. తడిసిన కార్పెట్ 24 గంటలల్ల, మస్తుగయితే 48 గంటలల్ల పూర్తిగ ఆరాలె, ఆ లోపల ఆరకపోతే బూజు పడతది, ఆ బూజు పిల్లల ముక్కులకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. సబ్బు మిగిలిపోయినా కష్టమే, ఆ జిగటకు దుమ్ము ఇంకా తొందరగ అంటుకుంటది, పైంగ చిన్నోడు అదే చేతులు నోట్ల పెట్టుకుంటడు. అందుకే నేను ఏ మిషన్ గురించి అడిగినా ఒక్కటే చూస్త, అది నీళ్లు ఎంత గట్టిగ గుంజుతది అని.

మీ ఆయన చూసిన స్టీమ్ క్లీనర్ ఆ పనే చెయ్యదు. అది వేడి ఆవిరి కొడ్తది అంతే, మురికిని బయటికి తియ్యదు, నువ్వే మళ్ల బట్టతో తుడవాలె. పాలు, గుడ్డు, రక్తం, వాంతి, వీటిల్ల ప్రోటీన్ ఉంటది, వేడి తగిలితే అది గడ్డకట్టి దారాలకు అతుక్కపోతది, అప్పుడు ఏం చేసినా రాదు. బాత్రూం టైల్స్‌కు, కిచెన్ల జిడ్డుకు స్టీమ్ మంచిదే. నీ కార్పెట్‌కు వద్దు.

తమ్ముడు చెప్పిన బిస్సెల్ పేరున్న కంపెనీనే, అమెరికాల గ్రాండ్ రాపిడ్స్ అనే ఊర్ల 1876 నుంచి ఉన్నది, కార్పెట్ ఊడ్చే మిషన్‌తోనే మొదలయ్యింది. కానీ అమెరికా కరెంట్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ కొన్నది ఇక్కడ డైరెక్టుగ పెడితే కాలిపోతది, వెయ్యి వాట్లకు తగ్గ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే అది మస్తు బరువు, దానికో ఖర్చు, రేపు పైపు పగిలినా బ్రష్ విరిగినా ఆ మాడల్ సామాను మిర్యాలగూడల దొరకదు. తమ్ముడిని పిల్లలకు పుస్తకాలు తెమ్మను.

వెట్ అండ్ డ్రై అంటే ఎండు దుమ్మునూ గుంజుతది, నీళ్లనూ గుంజుతది. మామూలు వాక్యూమ్‌తోని నీళ్లు గుంజొద్దు, షాక్ కొడ్తది, మోటార్ కాలుతది. ఇనాల్సా, అగారో, యురేకా ఫోర్బ్స్, కార్షర్, వీటన్నిట్ల వెట్ అండ్ డ్రై మాడల్స్ ఉన్నయి, నీ పదివేల లోపల దొరుకుతయి. కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోకు, వాట్లంటే అది తినే కరెంటు, గుంజే బలం కిలోపాస్కల్‌లల్ల రాస్తరు, 16 పైన ఉంటే ఇంటికి చాలు. హెపా ఫిల్టర్ పెట్టుకునే సౌకర్యం ఉన్నదా అడుగు, అసలు హెపా అయితే 0.3 మైక్రాన్ల దుమ్మును కూడ 99.97 శాతం ఆపాలె, మీ ఊర్ల రైస్ మిల్లుల దుమ్ము, ఊక బూడిద ఎంత సన్నగుంటదో నీకు తెల్సు కద, మామూలు గుడ్డ సంచైతే ఇటు గుంజి అటు గాలిల వదిలేస్తది, అది మళ్ల పిల్లలే పీలుస్తరు. సోఫా సందులకు పనికొచ్చే చిన్న మూతి ఇస్తున్నరా చూడు. సర్వీస్ సెంటర్ నల్లగొండల ఉన్నదా హైదరాబాద్ దాకా పంపాల్నా, ఈ ప్రశ్న డబ్బులు కట్టకముందే అడుగు. బిల్లు దాచిపెట్టు, వారంటీల సతాయిస్తే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు.

కరెంటు సంగతి ఎవరూ చెప్పరు. 1500 వాట్ల మిషన్ ఆరున్నర ఆంపియర్లు గుంజుతది, సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టే చిన్న ప్లగ్గుల పెడితే ప్లగ్గు కరుగుతది. ఫ్రిజ్, గీజర్ పెట్టే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ల పెట్టు, ఇన్వర్టర్ మీద నడపకు. నీళ్లతోని పని కాబట్టి ఇంట్ల ఎర్తింగ్ సరిగ్గున్నదా ఒకసారి కరెంటాయనతోని చూపిచ్చు, పిల్లలున్న ఇంట్ల కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఇంకా మంచిది.

కడిగే తీరు చెప్త. ముందు ఎండుగున్నప్పుడే దుమ్మంత గుంజు, తొందర పడకుండ నిలువుకొకసారి అడ్డంకొకసారి. తర్వాత దుమ్ము సంచి తీసేసి, నీళ్లకు పెట్టే స్పాంజ్ ఫిల్టర్ పెట్టు, ఇది మర్చిపోతే సంచి నాని చినుగుతది. లీటరు సల్ల నీళ్లల్ల ఒక చిన్న చెంచా నురగ తక్కువుండే లిక్విడ్ కలిపి స్ప్రే బాటిల్‌తోని కొట్టు, మెత్తటి బ్రష్‌తో రుద్దు, గుంజు. మళ్ల ఉత్త నీళ్లు కొట్టి గుంజు. ట్యాంకుల పడే నీళ్లు తేటగ వచ్చేదాకా ఉత్త నీళ్లతోనే చెయ్యి, ఆఖరికి నీళ్లు కొట్టకుండ రెండు మూడు సార్లు గుంజు. బట్టల పౌడర్, గిన్నెల సబ్బు ఎక్కువెయ్యకు, నురగ పొంగి మోటార్లకు పోతది. యూట్యూబ్ల చూసి తినే సోడా కిలోలకొద్ది చల్లుతున్నరు, ఆ సన్నపొడి కార్పెట్ల ఉండిపోతది, ఫిల్టర్ కూడ మూసుకపోతది.

నీళ్లు ఏవి వాడుతున్నవో చూసుకో. మన నల్లగొండ బోరు నీళ్లు చానా ఊర్లల్ల ఉప్పు నీళ్లే, ఆరినంక కార్పెట్ మీద తెల్లగ పొక్కు మిగుల్తది, దారాలు బిరుసెక్కుతయి. భగీరథ నల్లా నీళ్లు పట్టుకొని వాడు. కడుగుడంత ఎండాకాలంల, దసరా తర్వాత పెట్టుకో, వానకాలంల పూర్తిగ తడపకు, ఎక్కడ పడితే అక్కడే చిన్నగ చేసుకో. పొద్దుగాల మొదలుపెడితే ఫ్యాన్ కింద సాయంత్రానికి ఆరుతది, అరచెయ్యి గట్టిగ ఒత్తి చూడు, సల్లగ తగిలితే ఇంకా ఆరనట్టే, పిల్లలను దాని మీదికి వదలకు.

ఉచ్చ పోసిన వెంటనే పొడి బట్ట పెట్టి కాళ్లతోని తొక్కి పీల్చియ్యి, రుద్దకు. సల్ల నీళ్లు పోసి మిషన్‌తో గుంజు. పాత వాసనకు ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతది, డబ్బా మీద రాసినంత సేపు నాననిచ్చి గుంజు. ఉచ్చ మీద బ్లీచింగ్ మాత్రం ఎన్నడూ వెయ్యకు, రెండూ కలిసి క్లోరమిన్ అనే ఘాటు గ్యాస్ వస్తది, దగ్గు, ఆయాసం పట్టుకుంటది. బ్లీచింగ్‌ల బాత్రూం యాసిడ్ గాని వెనిగర్ గాని కలిపితే క్లోరిన్ వస్తది, అది ఇంకా చెడ్డది. పప్పన్నం మరకల పసుపు ఉంటది, సబ్బు పెట్టంగనే ఎర్రగయితే భయపడకు, సబ్బుల క్షారానికి పసుపు అట్లనే మారుతది, కడిగి ఎండకు పెట్టు, పసుపు రంగు ఎండకు నిలవది.

"బేబీ సేఫ్", "నాచురల్" అని డబ్బా మీద పెద్దగ రాసినంత మాత్రాన నమ్మకు, వెనక చూడు, వాసన లేనిది, బ్లీచ్ లేనిది తీసుకో. ఏది కొన్నా అసలు డబ్బాలనే ఉంచు. మనోళ్లు ఫినాయిల్, యాసిడ్ కూల్‌డ్రింక్ బాటిల్లల్ల పోసి పెడతరు, పిల్లలు కూల్‌డ్రింకే అనుకొని తాగుతరు. ఎవరన్న తాగితే వాంతి చేపియ్యకు, డబ్బా చేతుల పట్టుకొని 108కు ఫోన్ చెయ్యి. ఇంకోటి, పని కాంగనే మిషన్ ట్యాంకు, పక్కన పెట్టిన బకెట్ రెండూ ఖాళీ చెయ్యి, పారాడే పిల్లలకు బకెట్ల కొంచెం నీళ్లున్నా ప్రమాదమే.

చిన్నోడి ముక్కు సంగతి, అది కార్పెట్ వల్లనే అని నేను చెప్పలేను, పిల్లల డాక్టరుకు చూపిచ్చు. కానీ కార్పెట్ల కంటికి కనిపించని దుమ్ము పురుగులుంటయి, వాటి రెట్ట కొందరికి పడదు. వారానికి రెండుసార్లు గుంజు, ఎండ గట్టిగున్న రోజు డాబా మీద తిరగేసి ఆరెయ్యి, పురుగులు ఎండకు చస్తయి గాని రెట్ట అందులనే ఉంటది కాబట్టి దులిపి మళ్ల గుంజాలె. డాక్టర్ దుమ్ము పడుతలేదని చెప్తే మాత్రం ఏ మిషనూ కొనకు, ఆ పెద్ద కార్పెట్ తీసేసి కాటన్ జంపఖానా వెయ్యి. వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ, అంటే ఆ ఊరి సరుకే అన్న సర్కారు గుర్తింపు, వచ్చింది, మంచివి, ఉతికి తీగె మీద ఆరెయ్యొచ్చు. నిజం చెప్పాలంటే చిన్నోడికి మూడేండ్లు వచ్చేదాకా నాకు ఇదే బాగనిపిస్తది.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మా ఇంట్ల తాతల నాటి గొంగడి ఉన్నది, జనపనార రగ్గు ఉన్నది, గుడ్డ సోఫా ఉన్నది, పిల్లలు బయటి ఎర్రమట్టి కాళ్లతోని ఎక్కి తొక్కుతున్నరు. ఒకటే మిషన్‌తోని అన్నీ కడగొచ్చునా?

జవాబు: కడగొద్దన్నా. గొంగడి ఉన్ని, వేడినీళ్లు, గట్టి రుద్దుడు తగిలితే ముడుచుకపోతదని మీ ఇంట్ల పెద్దోళ్లకు తెల్సు, ఉన్ని కార్పెట్‌కు కూడ అదే. దులిపి ఎండకు పెట్టుండ్రి, చాలు. జనపనార నీళ్లకు గోధుమరంగు మరకలు పడతది, ఎండు వాక్యూమ్ ఒక్కటే. సోఫా గుడ్డ కింద చిన్న లేబుల్ ఉంటది, డబ్ల్యూ అని ఉంటే నీళ్లతోని చెయ్యొచ్చు, ఎస్ అని ఉంటే నీళ్లు వద్దు, ఎక్స్ అని ఉంటే దుమ్ము గుంజుడు తప్ప ఏం చెయ్యొద్దు. లేబుల్ లేకపోతే వెనక మూల తెల్లబట్ట తడిపి ఒత్తి చూడుండ్రి, రంగు అంటితే ఆగిపోండ్రి. ఎర్రమట్టి తడిగున్నప్పుడు ముట్టుకోవద్దు, పూర్తిగ ఎండనిచ్చి గుంజితే సగానికి పైన పోతది, తడిల రుద్దితే ఆ ఎరుపు దారాలల్లకు దిగుతది.

ప్రశ్న: ఇంటికొచ్చి కార్పెట్, సోఫా కడిగిపోయేటోళ్లను పిలవొచ్చా అక్కా? మాకు ఏడాది పాప ఉన్నది. దేవరకొండ నుంచి.

జవాబు: పిలవొచ్చు చెల్లే, మిషన్ కొనుట్ల కంటే ఏడాదికి ఒకటి రెండు సార్లు వాళ్లనే పిలుచుడు కొందరికి నయం. కానీ రాకముందే ఫోన్ల అడుగు, ఏం కెమికల్ వాడుతరు, సబ్బు తర్వాత ఉత్త నీళ్లతోని గుంజుతరా, ఎంత సేపట్ల ఆరుతది. ఆ రోజు పాపను అమ్మగారింటికి పంపియ్యి, కిటికీలు తీసిపెట్టు, ఆరినంక ఒకసారి ఎండు వాక్యూమ్ కొట్టించు. లేబుల్ లేని క్యాన్ల ఏదో పోసుకొని వస్తే అది వాడనియ్యకు, నువ్వు తెచ్చిన లిక్విడ్‌తోనే చెయ్యమను.