రేడియేటర్ కింద చుక్క పడుతోందని ప్లగ్గు బిగించెయ్యకు

ఒరే నాన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను, ట్రక్కు కింద ఆ పచ్చ మరక ఇంజన్‌ని చల్లబరిచే కూలెంటే, అందులో డౌటేం లేదు. కానీ కారేది డ్రెయిన్ ప్లగ్గేనని, అదే కూలెంట్ బయటికి వదిలే బిరడా అని నువ్వే డిసైడ్ అయిపోయావు చూడు, అక్కడ కొంచెం ఆగు. రేడియేటర్లో ఆ ప్లగ్గు అన్నిటికంటే కింద ఉంటుంది, పైన ఎక్కడ లీకైనా జారి జారి దాని కొసకే వచ్చి చుక్క కడుతుంది, నింద మాత్రం దానికి. కింది హోస్‌ని, అంటే రబ్బరు గొట్టాన్ని, పట్టి ఉంచే క్లాంప్ లూజైనా అంతే, ప్లాస్టిక్ ట్యాంకునీ మధ్యలో ఉండే అల్యూమినియం జాలీ కోర్‌నీ కలుపుతూ మడిచి నొక్కిన అంచు ఉంటుందే, అక్కడ చెమ్మ వచ్చినా అంతే. అందుకని బండి పూర్తిగా చల్లారాక ఆ మూలంతా నీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడిచెయ్, ప్లగ్గు చుట్టూ ఒకటి, హోస్ మూతి దగ్గర ఒకటి, ఆ అంచు కింద ఒకటి టిష్యూ ముక్కలు దోపి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే చూస్తే ముందు ఏది తడిసిందో తెలిసిపోతుంది.

ప్లగ్గు దగ్గరదే తడిసిందనుకో, అప్పుడు కూడా దాన్ని ఇంకొంచెం బిగిద్దాం అనే ఆలోచన మానుకో. అందరూ చేసేది అదే, రేడియేటర్లు పోయేదీ అక్కడే. ఆ ట్యాంకు గాజు పీచు కలిపిన నైలాన్, ఇన్నేళ్ళు వేడికి ఉడికి పెళుసెక్కిపోయి ఉంటుంది. నీళ్ళని ఆపేది ప్లగ్గు మరలు కాదురా, దాని మెడలో ఉన్న చిన్న రబ్బరు ఓ రింగు. మరలు దాన్ని చోటులో పట్టి ఉంచుతాయంతే. రింగు చచ్చిపోయాక కటింగ్ ప్లేయర్‌తో ఎంత పిండినా కారడం ఆగదు, ట్యాంకు మూతి మాత్రం పగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు కారి ఇంజన్ వేడెక్కాక ఆగిపోతోంది అన్నావు కదా, అది కూడా ముదిరిపోయిన రబ్బరు లక్షణమే, చలికి ప్లాస్టిక్కూ రబ్బరూ ముడుచుకుని సందు ఇస్తాయి, వేడికి ఉబ్బి మూసుకుంటాయి.

మీ ట్రక్కు బాగా పాతదై రాగి ఇత్తడి రేడియేటర్ ఉంటే కథ వేరు. దానికి ఇత్తడి కుళాయి లాంటిది ఉంటుంది, కొస సన్నగా ఉండి లోపలి గుంటలో కూర్చుంటుంది. చాలాసార్లు మధ్యలో చెత్త ఇరుక్కుని కారుతుంది, కాస్త తెరిచి నీళ్ళు బలంగా పోనిచ్చి మళ్ళీ మూస్తే సరిపోవచ్చు.

ఇప్పుడు పని. ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా, వేడి బండి మీద మూత తియ్యకు. మూత సాధారణంగా 15 పీఎస్ఐ ప్రెజర్ పట్టి ఉంచుతుంది, ఆ ప్రెజర్‌లో నీళ్ళతో సగం సగం కలిపిన కూలెంట్ దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు, మూత తియ్యగానే ప్రెజర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదకి కొడుతుంది. పై హోస్ నొక్కి చూడు, మెత్తగా చల్లగా ఉంటేనే మొదలుపెట్టు. కింద వెడల్పాటి టబ్బు పెట్టు. కూలెంట్ తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొంచెం తాగినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి, నేల మీద ఒలికితే అప్పుడే కడిగెయ్.

ప్లగ్గు తిప్పే ముందు ఇంకోటి చూసుకో, ఆటోమేటిక్ బండి అయితే చాలావాటిలో గేర్ ఆయిల్ చల్లబరిచే సన్నటి ఇనప గొట్టాలు కూడా రేడియేటర్ ట్యాంకులోకే వస్తాయి, వాటి నట్టు విప్పావంటే ఎర్ర ఆయిల్ కారుతుంది, అప్పుడు గేర్‌బాక్స్ పని కూడా నెత్తిన పడుతుంది. రేడియేటర్ మూత అలాగే వేసి ఉంచి, ప్లగ్గు మెల్లగా వదులు చెయ్, మూత ఉంటే లోపలికి గాలి రాదు కాబట్టి సన్నగానే కారుతుంది, ఆ టైంలో టబ్బు సర్దుకో, తర్వాత మూత తియ్, అప్పుడు ధార కట్టి వస్తుంది. చేత్తోనే తిప్పు. కదలకపోతే దాని మీద వేడి నీళ్ళు పోసి, ఇటో అటో కొద్దికొద్దిగా ఆడించు. తల విరిగి మెడ లోపలే ఉండిపోతే కంగారు పడకు, పాత చపటి స్క్రూ డ్రైవర్ కొస వేడి చేసి ఆ ముక్కలోకి గుచ్చితే గాడి పడుతుంది, చల్లారనిచ్చి ఆ గాడి పట్టుకుని తిప్పు, ట్యాంకు గోడకి మాత్రం వేడి తగలనివ్వకు.

రింగు బయటికి తీసి వేళ్ళ మధ్య పట్టుకుని చూడు. గుండ్రంగా ఉండాల్సింది ఒక వైపు చదునుగా అణిగిపోయి, గోరుతో నొక్కితే గోరు దిగకుండా ఉంటుంది, వంచితే సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. నన్నడిగితే రింగు ఒక్కటే కాదు, ప్లగ్గుతో సహా కొత్తది తెచ్చుకో, పాత ప్లగ్గు ప్లాస్టిక్ కూడా రింగంత ముసలిదేగా. అది కూర్చునే గుంటలో తెల్లగా పేరుకున్న పొర ఉంటుంది, తడి గుడ్డ వేలికి చుట్టి తుడువు, గీకకు, గీత పడితే కొత్త రింగు కూడా కారుతుంది. రింగుకి మామూలు గ్రీజు రాయకు, కూలెంట్‌కి వాడే రబ్బరు పెట్రోలియం గ్రీజుకి ఉబ్బిపోతుంది, సిలికాన్ గ్రీజు ఉంటే సరే లేకపోతే కొంచెం కూలెంటే రాసి పెట్టు. టెఫ్లాన్ టేప్ ఇక్కడ దండగ. చేత్తో బిగించు, రింగు ఆనినట్టు తెలిశాక ఇంకొంచెం తిప్పి వదిలెయ్.

లీక్ ఆపే పౌడర్లు పొయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ప్లగ్గు దగ్గర ఆగకపోగా హీటర్ సన్న గొట్టాల్లో గడ్డకట్టి కూర్చుంటుంది.

మళ్ళీ నింపేటప్పుడు కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం, రెడీ మిక్స్ డబ్బా అయితే నీళ్ళు కలపకు. ముక్కు వైపు బండి కొంచెం ఎత్తులో ఉంటే గాలి బాగా బయటికి పోతుంది. మూత తీసే ఉంచి హీటర్ ఫుల్ వేడిలో పెట్టి ఇంజన్ స్లోలో ఆడనివ్వు, బుడగలు వస్తూ లెవెల్ పడిపోతుంటుంది, పోస్తూ ఉండు. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌కి దారి ఇచ్చే థర్మోస్టాట్ తెరుచుకున్నాక పై హోస్ వేడెక్కుతుంది, లోపల హీటర్ గాలి వేడిగా వస్తుంది, బుడగలు ఆగాక మూత పెట్టెయ్. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు లెవెల్ మళ్ళీ చూడు, కొంచెం తగ్గడం మామూలే, రోజూ తగ్గుతుంటేనే అనుమానించాలి.

కొత్త ప్లగ్గు పెట్టినా కారుతుంటే టార్చి వేసి మూతి చుట్టూ చూడు, వెంట్రుక వాసి పగులు కనిపిస్తే ఇక అతుకులు వద్దు, ఆ నైలాన్ మీద ఎపాక్సీ ఎక్కువ కాలం పట్టదు, రేడియేటరే మార్చు. బాగానే నిలిస్తే మాత్రం ఇంకోసారి కూలెంట్ మార్చేటప్పుడు ఈ ప్లగ్గుని కదపకుండా కింది హోస్ పీకి తీసెయ్, కాస్త ఒలుకుతుంది గానీ, పాడైనా క్లాంప్ తక్కువలో దొరుకుతుంది.

మీ బాబాయి