తానే అతుక్కునే సెన్సర్లతో సైగల గ్లౌజులు ఇళ్లలోకి వస్తాయా?

"బ్యాటరీ అక్కరలేని, తెగినా తనంతట తానే అతుక్కునే సెన్సర్లు వచ్చాయి కదా, సైగల భాషను మాటగా మార్చే గ్లౌజులు ఇక ఇళ్లలోకి వస్తాయా?" అన్నది ప్రశ్న. ఇప్పుడున్న తీరులో రావని నా గట్టి అభిప్రాయం.

మా చెల్లెలికి పుట్టుకతోనే వినికిడి లేదు. 2017లో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఆమె కోసమే ఒక గ్లౌజు తయారుచేశాను. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్న ఐదు ఫ్లెక్స్ సెన్సర్లను, అంటే ఎంత వంగాయో చెప్పే సన్నని పట్టీలను, వేళ్ల వెంబడి కుట్టి, ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపాను. రేపు ప్రదర్శన అనగా రాత్రి చెల్లెలు దాన్ని తొడుక్కుని సైగలు చేస్తుంటే మొదటి ఆరుసార్లు తెర మీద మాటలు సరిగానే వచ్చాయి. ఏడోసారి "నీళ్లు" రావలసిన చోట "అమ్మ" అని పడింది. విప్పి చూస్తే మధ్యవేలి పట్టీ చెక్కుచెదరలేదు, అది పిన్నులతో కలిసే మొదలు దగ్గర విరిగింది. చెల్లెలు సెల్‌ఫోను లైటు పట్టుకుని కూర్చోగా రాత్రి రెండు గంటల వరకు టంకం వేశాను, కానీ ఆ వేడికి ప్లాస్టిక్ కరిగి సెన్సర్ పూర్తిగా పోయింది. మర్నాడు నాలుగు వేళ్లతోనే చూపించాము.

అందుకే "తానే అతుక్కుంటుంది" అనగానే, ఏ భాగం అతుక్కుంటుందని అడుగుతాను. ఈ కొత్త సెన్సర్లను చేసే రబ్బరు వంటి పదార్థాలలో (పాలిమర్లలో) తెగిన అంచులను ఆనించి ఉంచితే, అణువులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాల వంటివి మళ్లీ ఏర్పడి రెండు ముక్కలూ కలిసిపోతాయి. ఆ రసాయన శాస్త్రం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయితే వేలు వంగిన ప్రతిసారీ భారమంతా మెత్తని పట్టీ గట్టి తీగను కలిసే చోట పడుతుంది, అక్కడి టంకానికి ఆ గుణం లేదు.

"బ్యాటరీ అక్కరలేదు" అన్న మాట కూడా సగమే నిజం, పత్రికలు ఆ మిగతా సగాన్ని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. ఇలాంటి సెన్సర్లు వాడే, 2012లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో జాంగ్ లిన్ వాంగ్ బృందం రూపొందించిన ట్రైబోఎలక్ట్రిక్ పద్ధతిలో రెండు పదార్థాలు తాకి విడిపోయినప్పుడు పుట్టే విద్యుదావేశమే సంకేతం అవుతుంది. ఆ సంకేతాన్ని చదివే చిప్పుకూ, ఫోనుకు పంపే బ్లూటూత్‌కూ మాత్రం బ్యాటరీ కావాలి. పైగా వేలు కదిలినంతసేపే సంకేతం పుడుతుంది, అక్షరం చూపించి వేళ్లను అలాగే నిలిపి ఉంచితే ఆగిపోతుంది. మన మే నెల ఎండలో గ్లౌజు లోపల చెయ్యి చెమటతో తడిస్తే, తడి తగలకుండా కాపాడే పొర లేనప్పుడు ఉన్న ఆవేశమూ జారిపోతుంది.

2020లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు అమెరికన్ సైగల భాషలోని సైగల నుంచి సేకరించిన 660 నమూనాలను 98 శాతానికి పైగా సరిగ్గా గుర్తించే గ్లౌజును చూపించారు. వారు కనుబొమల మధ్య, నోటి పక్కన కూడా సెన్సర్లు అంటించి పరీక్షించడం నాకు అన్నిటికంటే నచ్చింది. చెల్లెలు "అన్నం తిన్నావా?" అని అడిగేటప్పుడు అది ప్రశ్న అని చెప్పేది పైకి లేచిన ఆమె కనుబొమలే, నా గ్లౌజుకు ఆ సంగతి ఏనాడూ తెలియలేదు. పట్టీని కత్తిరించి అతికించిన వీడియో కాకుండా, తీగ కలిసే చోట వేల సార్లు వంచి, చెమటలో తడిపి చేసిన పరీక్ష ఫలితాలు ఎవరైనా చూపిస్తే ఆమె కోసం ఆ గ్లౌజును నేనే ముందుగా కొంటాను.