అమ్మకి స్టెంట్ వేయించే ముందు

చిరంజీవి రవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన అమ్మ రిపోర్టులు చూశాను. మెదడు రక్తనాళంలో ఉబ్బు ఇంకా పగల్లేదు, అందుకే నిదానంగా అడిగి తెలుసుకునే టైం మనకుంది. దాని మెడ, అంటే ఉబ్బు నాళానికి కలిసే మూతి, వెడల్పుగా ఉందని రాశారు. అలాంటి చోట ఒట్టి కాయిల్స్ (ఉబ్బుని నింపే సన్నటి లోహపు తీగ చుట్టలు) పెడితే జారి అసలు నాళంలోకి వచ్చేయొచ్చు, అందుకే స్టెంట్ అడ్డం పెడతామంటున్నారు. న్యూరో వార్డులో నర్సుగా ఇన్నేళ్లు చేసిన నాకు ఆపరేషన్ కంటే, ఇంటికొచ్చాక మాత్రల విషయంలో జరిగే అశ్రద్ధంటేనే ఎక్కువ భయం.

స్టెంట్ అంటే సన్నటి లోహపు జాలీ. దాని మీద రక్తం గడ్డకడితే పక్షవాతం వస్తుంది. అందుకే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కొన్ని రోజుల ముందే మొదలుపెడతారు. ఈ క్లోపిడోగ్రెల్ అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచేయదు. జన్యువుల వల్ల అది సరిగా పట్టనివాళ్లు మన దేశంలో చాలామందే ఉన్నారు. ప్లేట్‌లెట్ ఫంక్షన్ టెస్టు చేస్తారా, పనిచేయకపోతే టికాగ్రెలార్ లాంటిది ఇస్తారా అని మొహమాటపడకుండా అడుగు. అమ్మ వేసుకునే గ్యాస్ మాత్ర స్ట్రిప్ తిప్పి చూడు. ఓమెప్రజోల్ గానీ ఈసోమెప్రజోల్ గానీ అని ఉంటే డాక్టరుగారికి చూపించు, అవి క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి. పాంటాప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

సాధారణంగా కొన్ని నెలలు రెండు మాత్రలూ, ఆ తర్వాత ఆస్పిరిన్ ఒక్కటే చాలాకాలం వాడమంటారు. ఈలోగా పన్ను పీకడానికి ఆపమన్నా, చేతి మీద కమిలిన మచ్చలు చూసి ఇరుగుపొరుగు భయపెట్టినా, స్టెంట్ వేసిన డాక్టర్ని అడక్కుండా ఒక్క పూట కూడా మానొద్దు. అలాగే మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు మాన్పించు, ఈ మాత్రలకి అది తోడైతే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు. విరేచనం నల్లగా అయితే దాచొద్దని అమ్మకి మరీ మరీ చెప్పు.

స్టెంట్ వేయడానికి తొడ దగ్గర రక్తనాళం నుంచి గొట్టం పంపితే, తీశాక కొన్ని గంటలు ఆ కాలు కదపకూడదు. బాత్రూంకి లేస్తానంటుంది, ఒప్పుకోకు. గజ్జల్లో వాపు, ఉన్నట్టుండి నడుము నొప్పి, పాదం చల్లబడటం, ఏది కనిపించినా నర్సుని పిలువు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోందనీ ముందే చెప్పు.

ఫ్లో డైవర్టర్, అంటే రక్తాన్ని ఉబ్బులోకి పోనివ్వకుండా మళ్లించే ఒత్తు అల్లిక స్టెంట్, వేస్తామంటే మాత్రం ఇంకొంచెం అడగాలి. దాంతో ఉబ్బు వెంటనే మూసుకోదు, నెలలు పడుతుంది. అరుదే అయినా ఆ మధ్యలో పగలడం ఉంది. చిన్న ఉబ్బయితే స్కాన్లు చేస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చా అని కూడా అడుగు. మీరు ఇలాంటివి ఎన్ని చేశారు, ఎంతమందికి పక్షవాతం వచ్చింది అని సంతకానికి ముందే అడగాలి. మంచి డాక్టరు దానికి కోప్పడడు.

మూతి వంకరపోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, వీటిలో ఏదొచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. స్టెంట్ ఉందని, ఈ మాత్రలు వాడుతోందని మొదటే చెప్పండి. స్టెంట్ కార్డు ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

కొన్ని నెలలకి మళ్లీ యాంజియోగ్రామ్‌కి రమ్మంటారు. బాగానే తిరుగుతోంది కదా అని వాయిదా వేయొద్దు. స్టెంట్ లోపల దారి సన్నబడినా, ఉబ్బు మళ్లీ నిండినా పైకి ఏమీ తెలియకపోవచ్చు.

అడ్మిషన్ తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. ముందు రోజే వచ్చి అమ్మ దగ్గర నేనుంటాను.

మీ పెద్దమ్మ